మెనూని సర్దొద్దు, మహాప్రభో!

హోటల్ వెబ్‌సైటులో మెనూని ఒక పద్ధతిలో పెట్టాలనే వాదం ఈ మధ్య దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, రాయగడ దాకా పాకుతోంది. హోటల్ యజమానుల ప్రశాంతత దృష్ట్యా దీన్ని మొక్కగా ఉండగానే పీకెయ్యాలి.

మన పాత పద్ధతికేం తక్కువ? గల్లాపెట్టె దగ్గరి లామినేషన్ కార్డుని, ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా చికెన్ ఫ్రై ధర మీద పడేలా ఫొటో తీసి, ఐదు ఎంబీల ఫైలుని అలాగే ఎక్కించేస్తే పని అయిపోయింది. అంతా బొమ్మే గనక సైటులో 'దాల్మా' (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) అని వెతికితే ఏమీ దొరకదు. దొరకాలని ఎవరన్నారు?

సంస్కర్తల మాట వేరు. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వంటకం ఒక్కో ఎంట్రీగా ఉండాలట. దానికో కస్టమ్ పోస్ట్ టైపు (వంటకాలకే ప్రత్యేకించిన ఎంట్రీ రకం), టిఫిన్లు, భోజనాలు, చేపలు-రొయ్యలు అనే విభాగాలకో టాక్సానమీ (వర్గీకరణ), ధరకీ దొరికే వేళకీ వేరే ఫీల్డులు, అంటే గడులు. పూరీ-ఉప్మా టిఫిన్లలోనూ పిల్లల మెనూలోనూ కనబడాలంటే ఒకే ఎంట్రీకి రెండు విభాగాల్లోనూ టిక్కు పెడితే చాలంటారు. మనం రెండు ఎంట్రీలు చేసి, ఒకదాని ధర పెంచి, రెండోదాన్ని మరిచిపోతాం. ఏది చౌకో అది అడిగే హక్కు తినేవాడికి దక్కుతుంది. దాన్ని కూడా లాగేసుకుంటామంటారు!

ఇక ధర. ఫీల్డులో ఉత్త అంకె మాత్రమే ఉండాలని వీళ్ల పట్టు. 'రూ.120/-' అని కళకళలాడుతూ రాసుకుంటే ఏమవుతుందో కూడా చెబుతున్నారు. అక్షరాల వరసలో సర్దితే 90 రూపాయల ప్లేటు 120 రూపాయల థాళీ కంటే ఖరీదైనదిగా తేలుతుంది, ఎందుకంటే 1 కన్నా 9 పెద్దది. పోనీ అంకెలుగా లెక్కించమంటే, అంకె ముందున్న 'రూ' దగ్గరే డేటాబేసు ఆగిపోయి సున్నా అనుకుంటుంది. మటన్ కూర ఉచితమైపోయి జాబితా నెత్తిన కూర్చుంటుంది. కనక రూపాయి గుర్తు పేజీ రూపాన్ని నిర్ణయించే టెంప్లేటులో ఉండాలట, ఫీల్డులో 120 మాత్రమే. హాఫ్, ఫుల్ ధరల్ని '70/120' అని ఒకే గడిలో కుక్కకుండా రెండు వరసలు ఇవ్వాలి. చిలికా పీతల ధర పొద్దుటికీ రాత్రికీ మారుతుంది గనక అంకె గడి ఖాళీగా వదిలి, పక్కనున్న వేరే ఫీల్డులో 'ఈరోజు ధర అడగండి' అని రాయాలి. 1 అని వేస్తే ఎవడో ఒకడు రూపాయి పట్టుకుని వస్తాడు.

శాకాహారం దగ్గర వీళ్ల పట్టుదల మరీ ఎక్కువ. పొట్లాల మీద చూస్తున్నాం కదా, పచ్చ చుక్క శాకం, గోధుమరంగు త్రికోణం మాంసం. అవును-కాదు అని ఒక్క టిక్కు గడి చాలదా? చాలదట. గుడ్డు ఆ లెక్కలో మాంసం వైపే పోతుంది. ఆపైన కార్తీకం, మార్గశిర మాసపు గురువారాలు వచ్చాయంటే ఈ జిల్లాల్లో ఒడియా ఇల్లయినా తెలుగు ఇల్లయినా ఉల్లి, వెల్లుల్లి లేనిదే కావాలంటారు. అందుకని ఉల్లి-వెల్లుల్లి లేని శాకం, మామూలు శాకం, గుడ్డు, మాంసం-చేప అని నాలుగు వర్గాలు పెడితే ఒక్క నొక్కుతో జాబితా వచ్చేస్తుందట. మరి, "బాబూ, ఇందులో ఉల్లిపాయ లేదు కదా?" అని మామ్మగారు అడగడం, సర్వరు వంటింటి వైపు తిరిగి అదే ఒడియాలో కేకెయ్యడం, లోపల్నుంచి "కొంచెమే" అని జవాబు రావడం... ఈ సంస్కృతి ఏం కావాలి?

భాషల విషయంలోనూ మనదే ఉదార మార్గం. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అని మూడు పేజీలు, మూడు చోట్లా మూడు ధరలు. జనవరిలో ఒడియా పేజీలో పది రూపాయలు పెంచుతాం, తెలుగు పేజీ దసరా దాకా పాత ధరలోనే ఉంటుంది. అనువాద ప్లగిన్‌లో (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాంలో) ధర ఫీల్డుని 'అన్ని భాషలకూ ఒకటే' అని కలిపేస్తే పేరూ వివరణా మాత్రమే మారతాయట. తెలుగువాళ్లకి దక్కుతున్న ఈ చిన్న రాయితీ మీద కూడా కన్నుపడింది.

డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన కార్డు ఫైలు ఉండనే ఉంది కదా, అందులోంచి తీసి అతికిస్తే సరి అనుకుంటాం. అది అన్నిచోట్లా చదవగలిగే యూనికోడ్ కాదు గనక 'గుత్తివంకాయ' కాస్తా పిచ్చి ఇంగ్లీషు గుర్తులుగా దిగుతుంది. ఆకృతి అనే ఫాంట్లలో కొట్టిన ఒడియాదీ అదే గతి. కన్వర్టర్‌లో మార్చినా వత్తులు ఒక మనిషి చూసుకోవాల్సిందే.

లింకుల సంగతి ఇంకా రమ్యంగా ఉంటుంది. వర్డ్‌ప్రెస్ లింకు పేరుకి 200 గుర్తుల దాకానే చోటు. తెలుగులో అక్షరమూ, గుణింతం గుర్తూ, పొల్లూ ఒక్కోటీ తొమ్మిదేసి తింటాయి. 'ఉల్లి వెల్లుల్లి లేని దాల్మా' అని పేరు పెడితే లింకు 'దా' దగ్గర తెగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేరు మనమే ఇచ్చుకోవాలట. వరస సంగతీ అంతే. మామూలుగా వర్డ్‌ప్రెస్ చివర ఎక్కించినదాన్ని ముందు చూపిస్తుంది గనక కిళ్లీతో మొదలై సూపుతో ముగుస్తుంది. వరస సంఖ్య వేసి, దాని ప్రకారమే చూపించమంటే తిన్నగా వస్తుంది.

ఇంతా చేశాక అసలు తగాదా పేజీల నకళ్లు దాచిపెట్టి చూపించే క్యాష్ ప్లగిన్‌తో. ధర మార్చి 'అప్‌డేట్' నొక్కాక, లాగిన్ అయి ఉన్నవాళ్లకి చాలా ప్లగిన్లు దాచిపెట్టిన పాత పేజీ చూపించవు గనక యజమాని ఫోన్లో కొత్త ధరే ఉంటుంది, బల్ల దగ్గరి ఆయన ఫోన్లో పాతది. ఇద్దరూ ఒట్టేసి చెప్పగలరు. వంటకం మారినప్పుడల్లా దాని విభాగం పేజీని కూడా తుడిచెయ్యమని ప్లగిన్‌లో ఒక టిక్కు పెడితే ఈ రభస ఉండదట. నిజమే కావచ్చు. కానీ ఆ టిక్కు పెట్టాలంటే అడ్మిన్ పాస్‌వర్డు కావాలి. అది సైటు కట్టిన కుర్రాడి దగ్గరుంది. ఆ కుర్రాడు విశాఖలో ఉద్యోగం వచ్చి, నంబరు మార్చుకుని వెళ్లిపోయాడు.