బాధ్యత ఒకరిది, చాకిరీ మరొకరిది

ముసలివాళ్లకు వంతులు పెట్టుకోవడం మన ఊళ్లలో కొత్త సంగతేం కాదు. ఒక నెల పెద్దోడింట్లో, ఒక నెల చిన్నోడింట్లో. అమ్మ ఒకరికి, నాన్న ఒకరికి అని పంచుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఒక జీవితకాలం కలిసి బతికిన ఆలుమగలు చివర్లో ఒకే వీధిలో రెండిళ్లలో ఉంటారు. పెద్దమనుషుల ముందు పొలంతో పాటే ఈ పంపకమూ అయిపోతుంది. ముప్పై ఒకటో తారీఖు ఎవరి వంతులో పడుతుందని గొడవపడ్డ అన్నదమ్ములూ లేకపోలేదు. బయటివాళ్లకు ఇదంతా ఘోరంగా కనిపిస్తుంది, ఘోరమే కూడా. కానీ ఒక్క విషయంలో ఈ పద్ధతిలో నిజాయితీ ఉంది. పెద్దవాళ్లను చూసుకోవడమంటే పని, ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి, దానికో లెక్క ఉండాలి అని ఇది ఒప్పుకుంటుంది. చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఆ లెక్క కూడా ఉండదు.

సొంత సంతోషమా, ఇంటివాళ్ల పట్ల బాధ్యతా అన్న చర్చ ఇప్పుడు ఎక్కడ చూసినా నడుస్తోంది. ఉన్నది ఒక్కటే లైఫ్, నా కోసం నేను బతకాలి అనేవాళ్లు ఒకవైపు. ఈ తరానికి స్వార్థం ముదిరింది అనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నాకనిపిస్తుంది. మనిషి తన సంతోషం వదులుకుని బాధ్యత మోస్తాడు, లేదంటే బాధ్యత వదిలేసి సంతోషం చూసుకుంటాడు అన్నట్టు మాట్లాడతారు. మన ఇళ్లలో జరిగేది అది కాదు. ఒకడు తన దారి తాను చూసుకోగలిగాడంటే ఇంటి దగ్గర ఆ పని ఎవరో చేస్తున్నారు కాబట్టే. ఇంకొకడు మా అమ్మానాన్నలు నా దగ్గరే ఉంటారు అని నలుగురిలో గర్వంగా చెప్పుకుంటున్నాడంటే, చాలాసార్లు అక్కడా పని చేసేది వేరే మనిషే.

ఆ పని ఎలా ఉంటుందో చూడండి. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఒకసారి పడ్డాయంటే మానడానికి నెలలు పడుతుంది. కదలలేని ఒంటిని తిప్పడం ఒక్కరి చేతుల బలంతో అయ్యేది కాదు, కింద పరిచిన దుప్పటి అంచు పట్టుకుని లాగుతూ తిప్పాలి. మింగలేని మనిషైతే ముక్కులోంచి గొట్టం వేస్తారు. అందులోకి పోసే జావ ఉండలు లేకుండా వడగట్టాలి, సిరంజితో మెల్లగా పొయ్యాలి, పోశాక కాసేపు తల ఎత్తులోనే ఉంచాలి. డైపర్లు మార్చడం, ఒళ్లు తుడవడం, దుప్పట్లు ఉతకడం. రాత్రిళ్లు కూడా ఇంతే.

మాకు తెలిసిన ఒకింట్లో అత్తగారికి ఇలా జావ పడుతూనే ఒక చేత్తో ఫోన్ పట్టుకుని నిలబడింది పెద్ద కోడలు. అవతల వీడియో కాల్లో అమెరికాలో ఉన్న మరిది. "ఏంటి వదినా, అమ్మ మరీ ఇంత చిక్కిపోయింది? సరిగ్గా తింటోందా?" అని అడిగాడు. అతను చెడ్డవాడు కాదు, తల్లి మీద బెంగతోనే అడిగాడు. "నువ్వేం దిగులు పెట్టుకోకు, బాగానే తీసుకుంటున్నారు" అని ఆమె సర్దిచెప్పింది. వదినా, నువ్వు తిన్నావా అని మాత్రం ఆ కాల్లో ఎవరూ అడగలేదు. ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. దూరాన ఉండి ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో దిగి, అంతకాలం దగ్గరుండి చూసుకున్నవాళ్ల మీదా డాక్టర్ల మీదా విరుచుకుపడే బంధువును అమెరికా డాక్టర్లు 'కాలిఫోర్నియా కూతురు' అంటారు. కాలిఫోర్నియాలోనేమో 'న్యూయార్క్ కూతురు' అంటారట!

వెళ్లినవాళ్లు తప్పు చేశారని నేననను. వాళ్లను పంపింది ఎవరు? ఆరో తరగతి నుంచి హాస్టల్లో పడేసి, ర్యాంకులని, సీట్లని వెంటబడి, ఎకరం అమ్మి ఎమ్మెస్‌కు పంపింది ఈ తల్లిదండ్రులే. మావాడు డాలస్‌లో ఉన్నాడు అని చెప్పుకున్నప్పుడు కలిగిన ఆనందం వాళ్లదే. అక్కడ స్థిరపడిన పిల్లవాడు తన పెళ్లాం పిల్లలతో సంతోషంగా ఉంటే అది ద్రోహమెలా అవుతుంది? అతను పంపే డబ్బు కూడా తక్కువది కాదు, మందులకూ అటెండెంటుకూ అదే ఆధారం. నా అభ్యంతరం వేరే చోట ఉంది. డబ్బు పంపేవాడికి ఇంట్లో మాట చెల్లుతుంది, చేసేవాళ్లకు చెల్లదు. ఏ ఆసుపత్రి, ఏ ఆపరేషన్, ఇల్లు అమ్మాలా వద్దా అన్నీ ఫోన్లోనే తేలిపోతాయి.

చట్టం ఏమంటుందో చూస్తే ఇంకా చిత్రంగా ఉంటుంది. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ కొడుకుతో పాటు కూతురి బాధ్యత కూడా అని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమే చెప్పింది. పెళ్లయిన కూతురైనా తండ్రికి భరణం ఇవ్వాల్సిందేనని 1987లో సుప్రీంకోర్టు విజయ మనోహర్ అర్బట్ కేసులో తేల్చింది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. కొడుకులు, కూతుళ్లు, మనవలు, మనవరాళ్ల మీద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, నెలకు గరిష్ఠంగా 10 వేల రూపాయల వరకు ఇప్పిస్తారు. ఈ జాబితాలో కోడలు లేదు. చట్టప్రకారం అత్తమామల పోషణ ఆమె బాధ్యత కాదు.

మరి 2016లో నరేంద్ర, మీనా కేసులో సుప్రీంకోర్టు అన్నదేమిటి? తల్లిదండ్రులను వదిలి వేరు కాపురం పెట్టమని సరైన కారణం లేకుండా భర్తను ఒత్తిడి చెయ్యడం క్రూరత్వమే అంది. ఆ కేసులో ఆత్మహత్యాయత్నం, భర్త మీద అక్రమ సంబంధం నింద వంటి వేరే కారణాలూ ఉన్నాయి, విడాకులు ఒక్క వేరు కాపురం మీదే ఇవ్వలేదు. అయినా జనానికి గుర్తున్నది ఆ ఒక్క మాటే. కొడుకు తన తల్లిదండ్రులను చూసుకోవాలి, అది మన సంస్కృతి అన్నారు, బాగానే ఉంది. ఆ భార్య కూడా ఒకరి కూతురే కదా, 1987 తీర్పు ప్రకారం ఆమెకూ చూసుకోవలసిన తల్లిదండ్రులు ఉన్నారు కదా? వాళ్లింటికి ఎవరు వెళ్లాలి? ఒకే మనిషి మీద రెండు ఇళ్ల బాధ్యత ఉంటే, ఆమెకు పుట్టినిల్లు కనిపించేది పండగలకు మాత్రమే.

మన పిల్లలకు చెప్పే కథలో శ్రవణకుమారుడు కావడి తనే మోశాడు. ఆ కథ చెప్పుకునే మగవాళ్లలో ఎంతమంది తండ్రికి డైపర్ మార్చారో అడగాలని నాకెప్పుడూ ఉంటుంది. ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్కగట్టడానికి జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పనులు చేస్తున్నారు, మగవాళ్లలో 21.4 శాతం. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు. పిల్లల పెంపకం కూడా ఇందులోనే ఉంది కాబట్టి ఇదంతా పెద్దవాళ్ల సేవ అనుకోకూడదు. అయినా ఇల్లు ఎటు ఒరిగి ఉందో తెలుస్తుంది. వృద్ధుల కోసం పనిచేసే హెల్పేజ్ ఇండియా సంస్థ 2018 సర్వేలో వృద్ధులను వేధించేవాళ్లలో మొదటి పేరు కొడుకులది, రెండోది కోడళ్లది. వేధింపును నేను సమర్థించడం లేదు. కానీ అడగకుండా నెత్తిన పెట్టిన పని, సెలవు లేని పని, మెప్పు లేని పని మనిషిని ఏం చేస్తుందో కూడా చూడాలి కదా. అర్ధరాత్రి నాలుగోసారి లేచినప్పుడు నోటినుంచి వచ్చే మాట మంచిదై ఉండదు.

అస్సాం 2017లో 'ప్రణామ్' చట్టం చేసి, తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలోంచి 10 శాతం కోసి వాళ్లకు ఇప్పించే ఏర్పాటు చేసింది. తెలంగాణ కూడా అదే బాటలో నడుస్తామంది. మంచిదే, ఆకలితో ఉన్న ముసలామెకు ఆ డబ్బు అన్నం పెడుతుంది. అంతవరకే. ప్రభుత్వం జీతం కొయ్యగలదు, మంచం మీద పక్క మార్చడం దాని వల్ల కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15 వేల పింఛను ఇస్తున్నారు. ఈ పనికి ఖరీదు ఉందని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడమే నా దృష్టిలో పెద్ద విషయం. హైదరాబాద్‌లో ఇరవై నాలుగు గంటల అటెండెంటుకు అది చాలదు, కానీ ఊళ్లో కూలి మానుకుని ఇంట్లో ఉండిపోయిన కూతురికో కోడలికో అది జీతం లాంటిదే, ఆమె చేతికి వస్తే. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ల బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సును ఇంటికే పంపే పద్ధతి పెట్టింది. వారానికి ఒక్క పూట ఎవరో వచ్చి చూసుకుంటే, ఆ ఇంటి మనిషి బజారుకెళ్లి రావచ్చు, తలస్నానం చేసి కాస్త నిద్రపోవచ్చు. సంతోషం అంటే చాలామందికి ఇంతకు మించిన కోరిక కూడా ఉండదు.

ఇళ్లలో మాట్లాడుకోవలసిన సంగతి ఇంకోటి ఉంది, దానికి మనవాళ్లకు మహా మొహమాటం. ఆస్తి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చే మార్పు మన దగ్గర ఎన్టీఆర్ హయాంలోనే, 1986లో వచ్చింది. దేశమంతటికీ వచ్చింది 2005లో. వాటాలు సమానం అయ్యాయి, చాకిరీ కాలేదు. పదేళ్లు తల్లిని చూసుకున్న కొడుకుకూ కోడలికీ, లేదా పెళ్లి మానుకుని ఉండిపోయిన కూతురికీ ఎక్కువ వాటా రాయమంటే మిగతావాళ్లు 'డబ్బు కోసం చేశారా' అని నొసలు విరుస్తారు. డబ్బు కోసం చేసినా తప్పేమిటి? వంతు రాని వాళ్లు పుణ్యం గురించి మాట్లాడటం సులువే. తల్లిదండ్రులు బతికుండగానే, అందరూ కూర్చుని ఉండగానే ఆ మాట తేలిపోవాలి. రాసి ఇచ్చేటప్పుడు చూసుకోవాలన్న షరతు గిఫ్ట్ డీడ్‌లోనే, అంటే దానపత్రంలోనే, పెట్టుకోవడం కూడా మంచిది. 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పినవాళ్ల నుంచి ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

2019లో కేంద్రం ఆ చట్టానికి ఒక సవరణ బిల్లు తెచ్చింది. అల్లుణ్ణీ కోడలినీ కూడా పిల్లల జాబితాలో చేర్చాలన్నది అందులో ఒక అంశం. లోక్‌సభ గడువు ముగియడంతో 2024లో అది మురిగిపోయింది. రేపు మళ్లీ రావచ్చు. వస్తే, కోడలి మీద పెట్టే ఈ బాధ్యతకు ఎదురుగా అత్తింటి ఆస్తిలో ఆమెకు ఏం రాస్తున్నారో అడిగి గానీ దానికి ఊ కొట్టకూడదు.