మాధవరం కథలు అరుగు దాటవేం?

1847 సెప్టెంబరు 13న మెక్సికో నగరం అంచున చపుల్టెపెక్ కోట మీదకి అమెరికా సైన్యం ఎగబాకుతుంటే, మేన్ రీడ్ అనే ఐరిష్ లెఫ్టినెంటు తొడలో తూటా దిగింది. అప్పటికి అతనికి 29 ఏళ్లు. 1850లో లండన్‌లో అతని మొదటి సాహస నవల అచ్చయింది. ఆ కోట పట్టుబడిన ఏడాదే ఇక్కడ ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైంది. ఆ పని చేయించిన కాటన్ కూడా బర్మా యుద్ధంలో పాల్గొన్న సైనికాధికారే. ఆయన్ని ఊరూరా గుర్రమెక్కించి దండలు వేస్తాం గానీ, ఇంజనీరుగా తప్ప సైనికుడిగా తలుచుకోం. సైనికుడి బతుకులో చదివించే కథ ఉంటుందని గోదావరి డెల్టాకి తట్టనే తట్టదు. నా ఫిర్యాదు అదే.

డెల్టాకీ మెట్టకీ హద్దులో, తాడేపల్లిగూడెం దగ్గరున్న మిలిటరీ మాధవరం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పంద్రాగస్టు వచ్చిందంటే టీవీలవాళ్లు అక్కడే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యికి పైగా వెళ్లారని ఊరివాళ్ల లెక్క. ఇంతమంది వెళ్లొచ్చారు కదా, తెలుగువాళ్లంతా చదివిన ఒక యుద్ధ సాహస నవల పేరు చెప్పమంటే మాత్రం తడుముకుంటాం.

ధైర్యం తక్కువై కాదు. రీడ్ నవలలు ధైర్యం వల్ల పుట్టలేదు. అతను ఐర్లండులో ఒక ప్రెస్బిటేరియన్ పాదిరీ కొడుకు. తండ్రి తన బాటలో నడవమంటే వినకుండా 1840లో న్యూ ఆర్లియన్స్‌లో ఓడ దిగాడు. చిల్లర ఉద్యోగాలు చేశాడు, పత్రికలకి రాశాడు, ఫిలడెల్ఫియాలో అమెరికన్ కవి, కథకుడు ఎడ్గార్ అలెన్ పోతో తిరిగాడు. ఆ తర్వాతే తుపాకీ పట్టాడు. అంటే యుద్ధానికి వెళ్లేసరికే చేతికి రాసే అలవాటుంది. యుద్ధం నడుస్తుండగానే చూసింది చూసినట్టు న్యూయార్క్ పత్రికకి రాసి పంపేవాడు. ఇంటికెళ్లాక గుర్తు తెచ్చుకుని రాద్దాంలే అనుకోలేదు. అదీ అసలు కిటుకు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. నవల మీద నవల, చేతినిండా డబ్బు. ఇంగ్లండులో మెక్సికో జమీందారీ భవంతి నమూనాలో ఇల్లు కట్టుకుని, 1866కి దివాలా తీశాడు. పాత గాయం తిరగబెట్టి చివరి ఏళ్లు ఊతకర్రల మీద నడిచి 1883లో పోయాడు. కానీ రష్యాలో తరాల తరబడి కుర్రాళ్లు అతని తల లేని రౌతు కథ చదువుకునే పెరిగారు. తర్వాత పెద్ద నవలాకారుడైన నబొకోవ్ వాళ్లలో ఒకడు.

ఇప్పుడు మన అరుగు మీదకి రండి. సాయంత్రం కాస్త క్యాంటీన్ సరుకు పడ్డాక ఒక రిటైర్డ్ హవల్దారు సియాచిన్ సంగతి ఎత్తుకుంటాడు. గుక్కెడు నీళ్లు కావాలంటే మంచు గడ్డ కొట్టుకొచ్చి కిరసనాయిలు స్టవ్వు మీద కరిగించాలి. గుడారంలో ఆ పొగంతా పీల్చి పొద్దున్నే ఉమ్మితే నల్లగా పడుతుంది. ఇంటి వెనకే కాలవ పారే ఊళ్లో పుట్టి, నీళ్ల కోసం ఏనాడూ ఆలోచించనివాడు ఈ మాట చెబుతున్నాడు! అక్కడ నవల మొదలైపోయింది. వినేవాళ్లు మాత్రం "పెన్షన్ ఎంతొస్తోంది బాబాయ్?" అని అడుగుతారు. ఆయన ట్రంకు పెట్టెలో పాత ఉత్తరాలున్నాయేమో ఎవరూ వాకబు చెయ్యరు.

రీడ్‌ని నెత్తిన మోసెయ్యడమెందుకంటారు కొందరు. రెడ్ ఇండియన్లని క్రూరులుగా చూపించాడు, పొరుగు దేశం మీద దండెత్తిన సైన్యంలో పనిచేశాడు అంటారు. నిజమే. యుద్ధాన్ని తియ్యగా చూపించే పుస్తకాలు పిల్లలకెందుకు అనీ అంటారు. ఆ తీపి మన తెరల మీద రోజూ చూస్తున్నదే, యుద్ధం మొహం చూడనివాళ్లు వండి వడ్డిస్తున్నదే. వెళ్లొచ్చినవాడు రాస్తే ఆ నల్లటి ఉమ్మి కూడా పుస్తకంలోకి వస్తుంది.

అసలు తప్పు మన సాహిత్య మర్యాదలోనే ఉంది. కన్నీరు పెట్టిస్తే సాహిత్యం, గుండె దడదడలాడిస్తే బస్టాండు సరుకు. ఈ డెల్టావాడే పాలగుమ్మి పద్మరాజు ఒక తుపాను రాత్రి మీద కథ రాసి 1952లో ప్రపంచ పోటీలో రెండో బహుమతి తెచ్చాడు. ఆ కథలో ఉత్కంఠ లేదా? అయినా 14 ఏళ్ల కుర్రాడు ఊపిరి బిగబట్టి చదివే పుస్తకమంటే మన పెద్దలకి చిన్నచూపు. ఆ కుర్రాడు ఆగుతాడా, ఫోనులో గేముకి పోయాడు.

పోనీ శాఖా గ్రంథాలయానికి వెళ్దామా? కానిస్టేబుల్ గైడ్లు, కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు, కుర్చీ దొరకని నిరుద్యోగులు. వాళ్లని తప్పుపట్టను. కానీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్ మనమంతా కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యకుండా ఏళ్ల తరబడి బకాయి పెడుతుంటే అడిగే నాథుడు లేడు. రోడ్డు మీద గుంట పడితే ధర్నా చేస్తాం, పిల్లల బీరువా ఖాళీ అయితే మనకి పట్టదు.

తెల్లారగట్ల కాలవ గట్ల మీద అగ్నివీర్ సెలెక్షన్ కోసం 1600 మీటర్లు పరిగెత్తే కుర్రాళ్లని చూడండి. ఎంపికైనా, నాలుగేళ్లు కాగానే ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంటికి రావాల్సిందే. అప్పటికి వాళ్ల వయసు పాతికకి అటూ ఇటూ, తూటా తగిలిననాటి రీడ్ కన్నా చిన్నవాళ్లు. వాళ్లకి సెక్యూరిటీ గార్డు ఉద్యోగాల జాబితా చేతిలో పెట్టే ముందు, ఆ సెస్ బకాయిలు కక్కించి ప్రతి శాఖా గ్రంథాలయంలో ఆదివారం పూట ఒక బల్ల, ఒక కంప్యూటరు, రాసింది సరిదిద్దే ఒక తెలుగు మాస్టారిని ఏర్పాటు చెయ్యాలి. సైనిక రహస్యాలేవీ అక్కర్లేదు, తిన్నదీ నడిచిందీ భయపడిందీ రాస్తే చాలు. అచ్చేసే బాధ్యత వారపత్రికలది. సీరియల్‌కి చోటు లేదని మాత్రం అనొద్దు, వారఫలాలకి రెండు పేజీలు ఇస్తున్నారు.