ఫ్రిజ్, లిఫ్టు, చివరి ‘ఆ’

హాంకాంగ్‌లోని షామ్ షుయి పో అనే పేటలో అద్దెకు దిగీ దిగగానే పాత ఫ్రిజ్ ఒకటి కొని, నానా తంటాలు పడి మా భవనం లిఫ్టు దాకా చేర్చాను. అక్కడ కాపలా ఉన్న పెద్దావిడ దాన్ని ఎగాదిగా చూసి, “యూ క్యాన్ యూజ్ దిస్ లిఫ్ట్ టుడే ఆ!” అన్నారు.

అక్కడివారి భాష కాంటనీస్‌లో స్వరం మారితే మాటే మారిపోతుంది; ఆరు స్వరాలున్న ఆ భాషలో ‘సి’ అనే ఒక్క అక్షరం, పలికిన తీరును బట్టి కవిత్వమో, చరిత్రో, కాలమో, బజారో అవుతుంది. గొంతులోని ఎత్తుపల్లాలు అర్థానికే సరిపోవడంతో, నొక్కి చెప్పే బరువులో చాలా భాగాన్ని వాక్యం చివర చేరే ‘లా’, ‘వో’, ‘ఆ’ వంటి చిన్న పలుకులు మోస్తాయి. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడూ అవి వెంట వస్తాయి. చిన్నా పెద్దా పదాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాయి. పదం చివరి ‘ట్’ బయటికి రాకుండా నోట్లోనే ఆగిపోతుంది. అంటే ఆవిడ అన్నది ‘క్యాన్’ కాదు, ‘క్యాన్‌ట్’.

తెలుగు చెవికేమో వాక్యం చివర ‘ఆ’ వినబడితే అది ప్రశ్నే. ‘ఇవాళా?’ అని అడుగుతున్నారనుకుని “యెస్, టుడే” అన్నాను. ఆవిడ గొంతు పెంచి, ఆ ఆకారాన్ని బారెడు సాగదీసి మళ్లీ అదే వాక్యం అన్నారు. ఇంత శ్రద్ధగా కనుక్కుంటున్నారే అని మురిసిపోయి, “యెస్, టుడే ఓన్లీ” అని మన పద్ధతిలో నేనూ నొక్కాను. ‘ఇవాళే’లోని ఏకారం మన ఇంగ్లీషులో ‘ఓన్లీ’గా అవతారమెత్తుతుందని ఆవిడకేం తెలుసు? ఈ ఒక్క రోజుకు వదిలేయమని నేను బతిమాలుతున్నట్టు వినబడి ఉంటుంది. ఆవిడ స్వరం పెరిగిన కొద్దీ నా అంగీకారమూ పెరిగింది. కూరగాయల సంచులతో వెనుక నిలబడినవారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూడసాగారు. చివరికి ఆవిడ రెండు చేతులూ అడ్డంగా పెట్టేసరికి ఫ్రిజ్ సగం లోపలికి వెళ్లింది, లిఫ్టు తలుపులు దాన్ని కొరుకుతూ వదులుతూ ఉన్నాయి.

నెలనెలా నిర్వహణ రుసుము ముక్కుపిండి వసూలు చేసేవారు ఆ ఒక్క ముక్కా కాగితం మీద రాసి గోడకు అంటించకూడదా? రాశారట, అది ఆవిడ బల్ల సొరుగులో భద్రంగా ఉంది. సరుకుల లిఫ్టుకు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలట, ఆ దరఖాస్తేమో మొత్తం చైనీస్‌లో ఉంది. నింపి పెట్టగలరా అని ఆవిడనే అడిగాను. ఆవిడ ఏదో అన్నారు. ఈసారి చివర ‘వో’ ఉంది.