జికో విదేశీ ప్రస్థానం: ఉదినే, కషిమాల మీద ఒక వాదోపవాదం

జికో పేరుతో ప్రపంచానికి తెలిసిన ఆర్థర్ అంతునెస్ కోయింబ్రా 1953లో రియో డి జనీరోలో పుట్టి, ఫ్లమెంగో క్లబ్ తరఫున 500కు పైగా గోల్స్ చేసి, ముప్పయ్యో ఏట ఇటలీకీ, ముప్పై ఎనిమిదో ఏట జపాన్‌కూ ఆడటానికి వెళ్ళాడు. విదేశాలలో అతడు ఆటగాడిగా చేరిన క్లబ్బులు రెండే. ఒకటి ఇటలీ ఈశాన్య మూలనున్న ఉదినే పట్టణానిది, రెండోది జపాన్ తూర్పు తీరంలో ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన కషిమాది. "ఈ విదేశీ ప్రస్థానం జికో ప్రతిభకు తగినది కాదు" అన్న ప్రతిపాదన మీద సాగిన వాదం ఇది. ప్రతిపాదనను సమర్థించేది పూర్వపక్షం, ఖండించేది ఉత్తరపక్షం.

పూర్వపక్షం: ముందుగా వయసును లెక్కలోకి తీసుకోవాలి. 1981 డిసెంబరు 13న టోక్యోలో ఫ్లమెంగో 3–0తో లివర్‌పూల్‌ను ఓడించిననాటికి జికోకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ మూడు గోల్స్‌లో ఒక్కటీ అతడు కొట్టకపోయినా మూడూ అతని పాదం నుంచే మొదలయ్యాయి. యూరప్ విజేతను అంత తేలికగా ఓడించగలిగినవాడు ఆ మరుసటి ఏడే యూరప్‌లోని ఒక పెద్ద క్లబ్‌లో ఉండవలసింది. బ్రెజిల్ జాతీయ జట్టులో అతని సహచరుడు ఫల్కావ్ 1980లోనే రోమాకు వెళ్ళి, 1942 తరువాత ఆ క్లబ్‌కు అందని లీగ్ టైటిల్‌ను 1983లో తెచ్చిపెట్టాడు. అదే జాతీయ జట్టులోని తోనిన్యో సెరెజో రోమా మీదుగా సాంప్‌డోరియాకు చేరి 1991లో ఇటలీ విజేత అయ్యాడు. జికో మాత్రం ముప్పై నిండాక, 1983లో, ఉదినే పట్టణపు క్లబ్ ఉదినేజేను ఎంచుకున్నాడు. అంతకుముందు సీజన్‌లో ఆరో స్థానంలో ఉన్న ఆ జట్టు అతడు చేరిన ఏడాది తొమ్మిదికి, మరుసటి ఏడాది పన్నెండుకు దిగింది. అక్కడ అతని చేతికి ఒక్క ట్రోఫీ కూడా రాలేదు.

ఉత్తరపక్షం: మిత్రులు చెప్పిన స్థానాలు నిజమే. వాటి వెనుకనున్న పాయింట్లు కూడా చెప్పి ఉంటే బాగుండేది. 1982–83లో ఆరో స్థానానికి ఉదినేజే సంపాదించినవి 32 పాయింట్లు, మరుసటి ఏడాది తొమ్మిదో స్థానంలో ఉన్నప్పుడూ సంపాదించినవి 32 పాయింట్లే. ఆ ఏడాది వెరోనా, సాంప్‌డోరియా, మిలాన్, ఉదినేజే అవే పాయింట్లతో ఒకే గుంపుగా నిలిచాయి కనుక స్థానం మారింది గానీ జట్టు దిగజారలేదు. ఇక ఆ సీజన్‌లో జికో ఆటను చూడండి. 1983 సెప్టెంబరులో జెనోవాలో తొలి లీగ్ మ్యాచ్. ఉదినేజే 5–0తో గెలిచింది, అందులో రెండు గోల్స్ అతనివి. సీజన్ ముగిసేసరికి 24 మ్యాచ్‌లలో 19 గోల్స్ చేశాడు. లీగ్‌లో అతనికన్నా ఎక్కువ చేసినవాడు యువెంటస్‌కు ఆడిన ప్లాటినీ ఒక్కడే, అతడికి 20 గోల్స్ చేయడానికి 28 మ్యాచ్‌లు పట్టాయి. ఆనాటి ఇటలీ డిఫెండర్లు ప్రత్యర్థిని మైదానమంతా నీడలా వెంబడించేవారు. 1982 ప్రపంచ కప్‌లో బార్సిలోనాలో ఇటలీ బ్రెజిల్‌ను 3–2తో ఓడించిన మ్యాచ్‌లో డిఫెండర్ జెంటీలే జికో చొక్కానే చింపాడు. ఏడాది తిరిగేసరికి అదే దేశపు లీగ్‌లో, అటువంటి కాపలా మధ్యనే, ఒక మిడ్‌ఫీల్డర్ ఇన్ని గోల్స్ చేస్తే అది అతని ప్రతిభకు తగనిది ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు.

పూర్వపక్షం: ప్రతిభ లేదని నేను అనలేదు, అంత ప్రతిభ ఎక్కడ ఖర్చయిందన్నదే నా ప్రశ్న. వ్యక్తిగతంగా 19 గోల్స్ చేసి, జట్టుగా నిరుటి పాయింట్ల దగ్గరే ఆగిపోవడం నా వాదాన్నే బలపరుస్తుంది.

ఉత్తరపక్షం: అయితే అతడు ఎవరి కోసం ఆడాడో కూడా చెప్పవలసి ఉంటుంది. 1983 వేసవిలో ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య జికో, సెరెజోల బదిలీలను రెండింటినీ అడ్డుకుంది. ఉదినేజే అతని కోసం దాదాపు ఆరు వందల కోట్ల లీరాలు వెచ్చించడానికి సిద్ధపడింది, ఒక చిన్న క్లబ్‌కు అంత డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న దేశమంతటా లేచింది. అప్పుడు ఉదినే ప్రజలు వీధుల్లోకి వచ్చి "జికో అయినా రావాలి, ఆస్ట్రియా అయినా కావాలి" అని నినదించారు. తమ ప్రాంతం 1866 దాకా ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేదని రోమ్‌లోని పెద్దలకు గుర్తుచేసే నినాదం అది. చివరికి దేశ ఒలింపిక్ కమిటీ జోక్యం చేసుకుని బదిలీకి దారి ఇచ్చింది. ఆ ప్రజలకు అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 1976 మే నెలను తలచుకోవాలి. ఆనాటి భూకంపంలో ఉదినే ఉన్న ఫ్రియూలి ప్రాంతంలో దాదాపు వెయ్యిమంది చనిపోయారు, ఊళ్ళకు ఊళ్ళు నేలమట్టమయ్యాయి. ఏడేళ్ళపాటు ఇళ్ళు కట్టుకుంటూ గడిపిన ఆ జనం ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్ళలో ఒకడు తమ మైదానంలో ఆడాలని కోరుకున్నారు. అతడు వచ్చి, ఆడి చూపించాడు. ఈ కోరికను నేను ట్రోఫీకన్నా తక్కువదిగా చూడలేను.

పూర్వపక్షం: ఉదినే ప్రజల మీద నాకు గౌరవం ఉంది. కానీ వారి ప్రేమను చూపించి క్లబ్ యజమానుల లోపాలను దాటవేయడం న్యాయం కాదు. క్లబ్ అధ్యక్షుడు లంబెర్తో మజ్జా గృహోపకరణాలు తయారుచేసే జనూసీ సంస్థ అధిపతి. ఆ సంస్థ అప్పటికే ఆర్థిక ఇబ్బందుల్లో ఉండి, 1984లో స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ చేతుల్లోకి వెళ్ళిపోయింది. అటువంటి పరిస్థితిలో ఒక గొప్ప ఆటగాణ్ణి తేగలరు గానీ, అతని చుట్టూ గొప్ప జట్టును కట్టలేరు. రెండో సీజన్‌లో జరిగింది అదే. గాయాలు, సస్పెన్షన్ కలిసి జికో 15 లీగ్ మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు, మూడే గోల్స్ చేశాడు. అదే ఏడాది, ఉదినే లాగే పెద్ద నగరం కాని వెరోనా, ఎల్క్యార్, బ్రీగెల్ అనే ఇద్దరు విదేశీయుల తోడ్పాటుతో లీగ్‌నే గెలిచింది. కనుక చిన్న ఊరు కావడం అడ్డంకి కాదు, ప్రణాళిక లేకపోవడమే అడ్డంకి. 1985లో ఫ్లమెంగోకు తిరిగి వెళ్ళాక ఆగస్టులో మోకాలికి తగిలిన దెబ్బ అతని ఆటను మార్చేసింది. 1986 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్‌పై పెనాల్టీ తప్పినప్పుడు అతడు పూర్తిగా కోలుకున్న ఆటగాడు కూడా కాదు. ఇటలీలో గెలవలేదు, స్వదేశంలో మునుపటిలా ఆడలేదు. ఆ నాలుగేళ్ళలో అతని పరిస్థితి రెంటికీ చెడ్డ రేవడిది.

ఉత్తరపక్షం: రెండో సీజన్ గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. అది జికో స్థాయి సీజన్ కాదు. ఆగస్టు దెబ్బ మాత్రం రియోలో, స్వదేశపు లీగ్‌లో తగిలింది. దానిని విదేశీ ప్రస్థానం ఖాతాలో రాయడం కుదరదు. పైగా ఆ ప్రస్థానం ఉదినేతో ముగియలేదు.

పూర్వపక్షం: జపాన్‌ను కూడా లెక్కలో వేస్తారా? అతడు 1990లోనే బూట్లు విప్పి, బ్రెజిల్ ప్రభుత్వంలో క్రీడల కార్యదర్శిగా పనిచేశాడు. ఆ తరువాత 1991లో కషిమాలోని సుమితోమో మెటల్ ఉక్కు కంపెనీ జట్టులో చేరినప్పుడు ఆ జట్టు జపాన్ రెండో శ్రేణిలో ఉంది. ఆటగాళ్ళు ఆ కంపెనీ ఉద్యోగులు. ఆ ప్రత్యర్థులపై జికో చేసిన గోల్స్‌ను ఇటలీలో చేసిన గోల్స్ పక్కన పెట్టగలమా?

ఉత్తరపక్షం: గోల్స్‌ను గోల్స్ పక్కన పెట్టను. ఆ ఊరు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ పెడుతున్నామని ప్రకటించినప్పుడు కషిమాకు అందులో చోటు దొరికే ఆశ దాదాపు లేదు. ఆ లీగ్ అధిపతి సబురో కవబుచి వారి అవకాశం 99.9999 శాతం శూన్యమని ముఖం మీదే చెప్పి, పైకప్పుతో పదిహేను వేలమంది కూర్చునే ఫుట్‌బాల్ స్టేడియం కడితే అప్పుడు చూద్దామన్నాడు. ఇబరాకి ప్రాంతీయ ప్రభుత్వం దానిని కట్టింది. 1993లో పది క్లబ్బులతో లీగ్ ప్రారంభమైనప్పుడు కషిమా ఆంట్లర్స్‌గా మారిన ఆ కంపెనీ జట్టు వాటిలో ఒకటి. మే 16న తమ తొలి మ్యాచ్‌లో, ఇంగ్లండ్ ఆటగాడు గ్యారీ లినేకర్ ఉన్న నగోయా గ్రాంపస్‌ను 5–0తో ఓడించారు. నలభై ఏళ్ళ జికో ఆ రోజు మూడు గోల్స్ చేశాడు. లీగ్ మొదటి దశను గెలిచింది కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోని ఈ జట్టే. ఇది ఆటగాడిగా అతడు చేసినది. దానికి మించినది, ఉద్యోగం ముగించుకుని ఆడటానికి వచ్చే మనుషులను ఆటే వృత్తిగా బతికేవాళ్ళుగా మార్చడం. సాధనలో క్రమశిక్షణ, సామగ్రి పట్ల జాగ్రత్త, ఓటమిని తేలికగా తీసుకోకపోవడం అతడు రోజూ అడిగి రాబట్టినవే. అంకితభావం, నిజాయితీ, గౌరవం అన్న మూడు మాటలను ఆ క్లబ్ నేటికీ జికో స్ఫూర్తిగా చెప్పుకుంటుంది. స్టేడియం బయట అతని విగ్రహం ఉంది.

పూర్వపక్షం: గౌరవం అన్నారు కాబట్టి 1994 జనవరిని గుర్తుచేయక తప్పదు. లీగ్ ఛాంపియన్‌షిప్‌ను నిర్ణయించే పోరులో, వెర్డి కవసాకికి ఇచ్చిన పెనాల్టీని నిరసిస్తూ జికో బంతి మీద ఉమ్మి మైదానం నుంచి బహిష్కరణకు గురయ్యాడు. టైటిల్ వెర్డి చేతికి వెళ్ళింది. ఇది గురువు చేయవలసిన పని కాదు. ఇంకొక మాట. కషిమా ఎదుగుదలకు సుమితోమో డబ్బు, ప్రభుత్వం కట్టిన స్టేడియం కారణాలని మీరే చెప్పారు. ఆ రెండూ ఉంటే జికో లేకపోయినా ఆ క్లబ్ ఎదిగేదేమో.

ఉత్తరపక్షం: ఉమ్మిన సంగతిని నేను సమర్థించను, అది తప్పే. డబ్బు మాటకు మాత్రం జవాబు ఉంది. నగోయా వెనుక టొయోటా ఉంది, లినేకర్ అంతటి పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకుంది. గాయాల వల్ల లినేకర్ అక్కడ కొద్ది మ్యాచ్‌లే ఆడి ఆట ముగించాడు. నగోయా తన తొలి లీగ్ టైటిల్‌ను 2010లో గెలిచింది. కషిమా తన తొలి టైటిల్‌ను 1996లో గెలిచి, 2009 నాటికే ఏడు పూర్తిచేసింది. డబ్బు రెండుచోట్లా ఉన్నప్పుడు ఇంత తేడా మనుషుల వల్ల వచ్చినదే. జికో వెనుకే జొర్జిన్యో, లియొనార్దో, బిస్మార్క్ వంటి బ్రెజిల్ ఆటగాళ్ళు ఆ మారుమూల ఊరికి వచ్చారు. 2000లో లీగ్‌తో పాటు దేశంలోని రెండు కప్పులనూ కషిమాకు గెలిపించిన కోచ్ ఎవరనుకుంటున్నారు? 1983లో జికోతో పాటు బదిలీ ఆగిపోయిన ఆ తోనిన్యో సెరెజోనే.

పూర్వపక్షం: కోచ్‌ల ప్రస్తావన వచ్చింది కాబట్టి జికో కోచ్‌గా సాధించినదీ చూద్దాం. జపాన్‌కు 2004 ఆసియా కప్ తెచ్చాడు, నిజమే. 2006 ప్రపంచ కప్‌లో అదే జట్టు ఆస్ట్రేలియా చేతిలో 3–1తోనూ, బ్రెజిల్ చేతిలో 4–1తోనూ ఓడి ఒక్క పాయింటుతో ఇంటిదారి పట్టింది. 2014లో మన దేశానికి వచ్చి ఎఫ్‌సీ గోవాకు శిక్షణ ఇచ్చాడు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) చూసే తెలుగువారికి 2015 ఫైనల్ గుర్తుండే ఉంటుంది, చెన్నైయిన్ 3–2తో గెలిచింది. మరుసటి ఏడాది గోవా అట్టడుగున నిలిచింది.

ఉత్తరపక్షం: అదే కోచ్ ఫెనర్‌బాచేకు 2007లో టర్కీ లీగ్‌నూ, 2008లో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌నూ అందించాడు. అయితే మన ప్రతిపాదన ఆటగాడి గురించి కాబట్టి కోచ్‌ను పక్కన పెడదాం.

పూర్వపక్షం: పెడదాం. కషిమా విషయంలో నా పట్టు సడలిందని ఒప్పుకుంటాను. ఇటలీ విషయంలో సడలలేదు. అతడు యువెంటస్‌లోనో, రోమాలోనో, మిలాన్‌లోనో ఉండవలసినవాడు.

ఉత్తరపక్షం: ఆనాటి నిబంధనను మరిచిపోతున్నారు. 1983లో ఇటలీ క్లబ్‌కు ఇద్దరు విదేశీయులే అనుమతి. యువెంటస్‌లో ప్లాటినీ, బోనియెక్ ఉన్నారు. రోమాలో ఫల్కావ్ పక్కన రెండో చోటును సెరెజో నింపాడు. ఫియొరెంటీనాలో పసరెల్లా, బెర్తోనీ ఉన్నారు. రెండో శ్రేణి నుంచి అప్పుడే తిరిగి వచ్చిన మిలాన్‌కు గోల్స్ చేసేవాడు కావలసి వచ్చింది. అది ఇంగ్లండ్ నుంచి లూథర్ బ్లిసెట్‌ను తెచ్చుకుంది, అతడు ఆ లీగ్ సీజన్‌లో ఐదు గోల్స్ చేశాడు. ఇందులో తప్పుడు ఎంపిక జికోదని నేను అనుకోను.

పూర్వపక్షం: 1983కు ఆ జవాబు సరిపోతుంది, నా ఆక్షేపణను ఆ మేరకు మిలాన్ మీదకు మళ్ళిస్తాను. 1984కు సరిపోదు. ఆ వేసవిలో మారడోనా నపోలీకి, సోక్రటీస్ ఫియొరెంటీనాకు వచ్చారు, బజారు మళ్ళీ తెరుచుకుంది. 19 గోల్స్ చేసిన ఆటగాడు ఆ రోజు ఉదినే వదిలి వెళ్ళవలసిందనే నా అభిప్రాయం.