కుక్కకు ముందు సీటు

(రాత్రి తొమ్మిది దాటింది. తెల్లవారితే కారు ప్రయాణం. నడపబోయేది విశాలాక్షి. ఆమె భర్త శేషగిరికి నడపడం రాదు. దారి చెప్పడం మాత్రం తనకు పుట్టుకతో వచ్చిన విద్య అని ఆయన నమ్మకం. వారం రోజులుగా ఆయన గ్రంథాలయం నుంచి కుక్కల మీద పుస్తకాలు మోసుకొస్తున్నాడు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, టైగర్‌తో సహా. ఆ టైగర్ ఇప్పుడు తెరిచి ఉన్న పెట్టెలో, మడతపెట్టిన బట్టల మీద, ముందుకాళ్ల మధ్య ముక్కు పెట్టుకుని పడుకుంది.)

విశాలాక్షి: ఏమండీ, మీ పుత్రరత్నం నా పెట్టెలో చేరింది. మీరు దించుతారా, నన్ను మూత వేసేయమంటారా?

శేషగిరి: అయ్యో, అంత మాట అనకు విశాలా. మనం ఎక్కడికో వెళ్తున్నామని వాడికి తెలిసిపోయింది. పాపం, ఆ కళ్లు చూడు.

విశాలాక్షి: కళ్లూ చూశాను, ఆ కళ్ల కింద నలిగిన నా ఇస్త్రీ బట్టలూ చూశాను. దాన్ని మా చెల్లెలి ఇంట్లో వదిలి వెళ్తామని పోయిన వారమే అనుకున్నాం.

శేషగిరి: అనుకున్నది నువ్వు. నేను తల ఊపానంతే.

విశాలాక్షి: పెళ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో నిర్ణయాలన్నీ అలాగే జరుగుతున్నాయి. ఇప్పుడు కొత్తగా పద్ధతి మార్చకండి.

శేషగిరి: నేను మార్చడం లేదు. నువ్వే చరిత్రను మార్చాలని చూస్తున్నావు. గుర్రం ఎక్కకముందు, బండికి చక్రం రాకముందు, అసలు ఊరు అనేదే లేనప్పుడు మనిషి వెంట నడిచింది కుక్క. జర్మనీలో ఒబర్‌కాసెల్ అని ఒక చోటుంది. 1914లో అక్కడ క్వారీలో రాయి కొడుతుంటే పాత సమాధి బయటపడింది. దాదాపు 14,000 ఏళ్ల నాటిది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక కుక్కపిల్ల. అర్థమైందా? భర్త, భార్య, కుక్క!

విశాలాక్షి: ఆవిడ ఆయన భార్యేనని తవ్వినవాళ్లు చెప్పారా?

శేషగిరి: చెప్పలేదనుకో.

విశాలాక్షి: మరి మీరెలా పెళ్లి చేసేశారు?

శేషగిరి: వాళ్ల పెళ్లి సంగతి వదిలేయ్. ఆ కుక్కపిల్ల పళ్ల మీద మచ్చలు చూసి పరిశోధకులు దాని జాతకమంతా చెప్పారు. దానికి డిస్టెంపర్ సోకిందట. ఇప్పటికీ టీకా వేయించకపోతే పిల్లలను దక్కనివ్వని జబ్బు. అయినా ఆ పిల్ల వారాల తరబడి బతికింది. అంటే ఎవరో వెచ్చగా ఉంచి, నీళ్లు పట్టి, వాంతులూ విరేచనాలూ ఎత్తిపోసి ఉండాలి. అది వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. అయినా సాకారు. ప్రేమంటే అదీ!

విశాలాక్షి: ఎత్తిపోసింది ఎవరు?

శేషగిరి: అది పళ్ల మీద రాసి ఉండదు కదా.

విశాలాక్షి: రాయనక్కరలేదు, నాకు తెలుసు. ఆయన మాత్రం పక్కన చేతులు కట్టుకుని కూర్చుని "పాపం, ఆ కళ్లు చూడు" అని ఉంటాడు.

(శేషగిరి ఒక క్షణం గోడ వైపు చూసి, దేశం మార్చాడు.)

శేషగిరి: జర్మనీ ఎందుకు, మన ధర్మరాజునే తీసుకో. మహాప్రస్థానంలో చివరిదాకా వెంట నడిచింది ఎవరు? కుక్క! "దీన్ని వదిలి రథం ఎక్కను" అని సాక్షాత్తూ ఇంద్రుడితోనే పట్టుబట్టాడు మహానుభావుడు.

విశాలాక్షి: అంతకు ముందు ఏం జరిగిందో కూడా చెప్పండి.

శేషగిరి: తమ్ముళ్లు ఒక్కొక్కరే పడిపోయారు.

విశాలాక్షి: తమ్ముళ్లకంటే ముందు?

శేషగిరి: (పెట్టె జిప్పు అటూ ఇటూ లాగుతూ) ద్రౌపది.

విశాలాక్షి: ఆగాడా? కనీసం వెనక్కి తిరిగి చూశాడా?

శేషగిరి: అర్జునుడి మీద పక్షపాతం చూపింది కనుక పడిపోయిందని భీముడికి కారణం చెప్పాడు.

విశాలాక్షి: పడిపోయిన భార్యకు కారణం, వెంట వచ్చిన కుక్కకు రథం! బాగుంది.

శేషగిరి: అది మామూలు కుక్క కాదు. ఆ రూపంలో వచ్చింది యమధర్మరాజు.

విశాలాక్షి: మీదీ అంతే. మొన్న నా కొత్త చెప్పు ప్రాణం తీసింది.

శేషగిరి: ఖాళీగా ఉంటే ఎవరైనా చెప్పులే కొరుకుతారు. ఒకప్పుడు కుక్కలకు ఇంటి నిండా పనే. ఇంగ్లండ్ వంటిళ్లలో గోడకు ఎత్తుగా ఒక చక్రం బిగించేవారు. పొట్టి కాళ్ల కుక్కను అందులో ఎక్కిస్తే అది పరుగెత్తుతూ చక్రం తిప్పేది. ఆ చక్రానికి కట్టిన గొలుసు పొయ్యి ముందున్న ఇనుప చువ్వను తిప్పేది. మాంసం అన్ని వైపులా సమంగా కాలేది. తర్వాత యంత్రాలు వచ్చాయి, ఆ జాతే లేకుండా పోయింది. వేల్స్‌లో అబెర్గవెన్నీ మ్యూజియంలో ఒక కుక్కను గడ్డి కూరి నిలబెట్టారు. ఇప్పుడు అదొక్కటే మిగిలింది.

విశాలాక్షి: పాపం! పొయ్యి సెగ పక్కన గంటల తరబడి పరుగా?

శేషగిరి: అందుకే చాలా ఇళ్లలో రెండేసి కుక్కలను పెట్టేవారు. వంతులవారీగా పని.

విశాలాక్షి: ఏమన్నారు? మళ్లీ చెప్పండి.

శేషగిరి: వంతులవారీగా...

విశాలాక్షి: వంటింట్లో కుక్కకు కూడా వంతు ఉండేదన్నమాట! ఇన్నేళ్లలో నాకు ఎన్నడైనా వంతు వచ్చిందా?

(శేషగిరికి తాను ఎక్కడ కాలు పెట్టాడో అర్థమైంది. వంటింట్లోంచి బయటపడాలంటే అడవిలోకి పోవడమే మార్గం.)

శేషగిరి: అసలు మనం మాట్లాడుకోవలసింది ప్రయాణాల గురించి. అమెరికాలో లూయిస్, క్లార్క్ అని ఇద్దరు పడమటి సముద్రం దాకా దారి వెతుక్కుంటూ వెళ్లారు. లూయిస్ వెంట సీమన్ అని ఒక న్యూఫౌండ్‌లాండ్ కుక్క. 20 డాలర్లు పెట్టి కొన్నాడు. 1805 మే నెలలో ఒక రాత్రి అడవిదున్న ఒకటి నది దాటి వచ్చి, నిద్రపోతున్న మనుషుల మధ్య నుంచి దూసుకుపోయింది. గుడారం మీద పడబోతుంటే దాన్ని పక్కకు మళ్లించింది ఎవరనుకున్నావు?

విశాలాక్షి: సీమన్. మరి మనవాడో? మొన్న వానకు గుమ్మంలోకి కప్ప వస్తే నా వెనక దాక్కున్నాడు.

శేషగిరి: టైగర్ ఇంకా చిన్నవాడు కదా.

విశాలాక్షి: నేను టైగర్ గురించి అనలేదు.

శేషగిరి: (ఆ మాట వినిపించనట్టు) ఇక కారు సంగతికి వద్దాం. 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అని ఒక డాక్టరు 50 డాలర్లకు పందెం కట్టాడు, అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు కారులో 90 రోజుల్లోపు దాటిస్తానని. శాన్‌ఫ్రాన్సిస్కోలో కారు కొన్నాడు, క్రాకర్ అని ఒక మెకానిక్కును వెంటేసుకున్నాడు. ఐడహో చేరేసరికి తోడు చాలదనిపించి 15 డాలర్లకు బడ్ అనే బుల్‌డాగ్‌ను కొన్నాడు. ఆ కారుకు పైకప్పు లేదు, ముందు అద్దం లేదు. దారి నిండా తెల్లటి దుమ్ము. కుక్క కళ్లు ఎర్రబడి వాచిపోతే దానికి కళ్లద్దాలు పెట్టారు. దుమ్ము ఆగే పెద్ద కళ్లద్దాలు, మనుషులు పెట్టుకునేవే! బడ్ వాటితో ముందు కూర్చుని రోడ్డు చూస్తూ, గుంత వస్తోందంటే ముందే కాళ్లు బిగబట్టి సర్దుకునేదట. 63 రోజుల్లో న్యూయార్క్ చేరారు. దారిలో కారు ఎన్నిసార్లు బురదలో కూరుకుపోయిందో! ముగ్గురిలో ఒక్క బూతు మాటైనా అననిది బడ్ మాత్రమేనని ఆ జాక్సనే చెప్పుకున్నాడు.

(అంటూ జేబులోంచి ఈతకొలనులో పిల్లలు పెట్టుకునే నీలం రంగు కళ్లద్దాలు తీసి, టైగర్ చెవుల మీదుగా తగిలించాడు. టైగర్ ముందు ఆయనను, తర్వాత విశాలాక్షిని నీలంగా చూసి, వెనక కాలితో ఒక్క తన్ను తన్నింది. కళ్లద్దాలు సోఫా కిందకు పోయాయి.)

విశాలాక్షి: ఆ జాక్సన్‌కు పెళ్లయిందా?

శేషగిరి: అయింది. ఆవిడ పేరు బెర్తా.

విశాలాక్షి: ఆవిడ ఏ సీట్లో కూర్చుంది?

శేషగిరి: ఆవిడ... రైల్లో ఇంటికి వెళ్లింది.

విశాలాక్షి: భార్య రైల్లో, కుక్క కారులో! మీ మగవాళ్ల ప్రయాణాలన్నీ ఇంతేనా?

శేషగిరి: అన్నీ ఎందుకవుతాయి? (హుషారుగా) మెటా బ్రెవూర్ట్! ఇదిగో, ఆడమనిషి, పర్వతారోహకురాలు! ఆల్ప్స్ కొండల్లో మేనల్లుడు కూలిడ్జ్‌తో కలిసి తిరిగింది. వాళ్ల కుక్క పేరు చింగెల్. ఒకసారి ఐగర్ శిఖరం ఎక్కలేక వెనక్కి వచ్చి మేనల్లుడు మొహం వేలాడేసుకుంటే, గైడు క్రిస్టియన్ ఆల్మర్ ఓదార్పుగా తన కుక్కనే ఇచ్చేశాడు. అరవైకి పైగా పెద్ద శిఖరాలూ కనుమలూ తిరిగింది చింగెల్. 1875లో మాంట్ బ్లాంక్ ఎక్కింది! ఆల్పైన్ క్లబ్బు అని పర్వతారోహకుల సంఘం ఒకటుంది, ఆ క్లబ్బు వాళ్లు ముచ్చటపడి గౌరవ సభ్యత్వం ఇచ్చారని కూడా చెప్పుకుంటారు.

విశాలాక్షి: కుక్కకు సభ్యత్వం. మరి ఆవిడకు?

శేషగిరి: (పుస్తకం తిరగేస్తూ) ఇక్కడే ఎక్కడో ఉండాలి...

విశాలాక్షి: ఉండదు, నేను నిన్ననే చూశాను. 1857లో పుట్టిన ఆ క్లబ్బు ఆడవాళ్లకు తలుపు తీసింది 1970లలో. మీరు పేజీ మడిచిపెట్టి నిద్రపోతారు, మిగతాది నేను చదువుతాను.

శేషగిరి: (చివరి అస్త్రం తీస్తున్నట్టు) సరే! దక్షిణ ధ్రువం! మనిషిని అక్కడికి మొదట చేర్చినవి కుక్కలే! ఇంగ్లండ్ నుంచి పోటీకి వెళ్లిన స్కాట్ గుర్రాలనూ మోటారు బండ్లనూ నమ్ముకున్నాడు, చివరికి మనుషులే బండి లాగారు. నార్వే వాడు అముండ్‌సెన్ కుక్కలను నమ్ముకున్నాడు. ఐదుగురు మనుషులు, 52 కుక్కలు. 1911 డిసెంబరు 14న ధ్రువం మీద జెండా!

విశాలాక్షి: తిరిగి వచ్చిన కుక్కలు ఎన్ని?

శేషగిరి: పదకొండు.

విశాలాక్షి: మిగతావి?

శేషగిరి: (గొంతు తగ్గించి) వాడు వింటున్నాడు విశాలా.

విశాలాక్షి: చెప్పండి.

శేషగిరి: (టైగర్ రెండు చెవులూ మూసి) దారిలో చాలావాటిని కాల్చేశారు. బయలుదేరకముందే లెక్క వేసుకున్నారట, ఎన్ని ఎక్కడిదాకా అవసరమో. మాంసం మిగతా కుక్కలకు పెట్టారు. వాళ్లూ తిన్నారు.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఈ ఇంట్లో అది అరుదు. విశాలాక్షి వంగి, పెట్టెలోంచి టైగర్‌ను ఎత్తుకుంది. ఆమె నల్ల దుపట్టా నిండా తెల్లటి బొచ్చు అంటుకుంది. దులుపుకోలేదు.)

విశాలాక్షి: బండి లాగించుకుని, పైగా తినడమా! వీడు మన కారులోనే వస్తాడు. ముందు సీట్లో.

శేషగిరి: (ఎగిరి గంతేసినంత పని చేసి) చెప్పానా! ఎప్పటికైనా నా మాటే... అవునూ, ముందు సీట్లో వాడుంటే దారి ఎవరు చెబుతారు?

విశాలాక్షి: పోయినసారి మీరు చెప్పిన దారి వల్ల ఇటుక బట్టీ చూశాం. మలుపు మలుపుకూ కడుపులో తిప్పుతోందని కారు ఆపించారు. నేను బ్రేకు వేస్తే మీరూ కాలు నొక్కారు. లారీ కనపడితే కళ్లు మూసుకుని దండకం చదివారు. అదే కారులో టైగర్ కిటికీ పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. ఒక్క సలహా ఇవ్వలేదు.

శేషగిరి: అయితే నేను వెనక కూర్చుంటానా?

విశాలాక్షి: వెనక సామాను ఉంటుంది.

శేషగిరి: మరి నేను?

విశాలాక్షి: (చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి) ఇదిగో. రేపు సాయంత్రం రైలు, పై బెర్తు. నిన్ననే చేయించాను.

శేషగిరి: నిన్ననా? నిన్నటికి వాడు మీ చెల్లెలి ఇంటికి కదా వెళ్లాల్సింది!

విశాలాక్షి: అది నిన్న ఉదయమే ఫోను చేసింది. వాళ్లింట్లో పిల్లి ఈనిందట, కుక్కను తేవద్దంది.

శేషగిరి: అంటే అన్నీ ముందే నిర్ణయించుకుని, ఇంతసేపు నాతో ఎందుకు వాదించావు?

విశాలాక్షి: వారం రోజులు కష్టపడి చదువుకున్నారు. వృథాగా పోతుందేమోనని.

(శేషగిరి టికెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఆయన మొహం మెల్లగా వెలిగింది. ఆ వెలుగు చూస్తే విశాలాక్షికి భయం.)

శేషగిరి: రైలంటే గుర్తొచ్చింది విశాలా! ఓనీ అని ఒక కుక్క ఉండేది. అమెరికాలో ఆల్బనీ తపాలా కార్యాలయంలో ఉత్తరాల సంచుల మీద పడుకునేది. 1888 నుంచి తపాలా రైళ్లెక్కి దేశమంతా తిరిగింది. ఏ ఊళ్లో దిగితే ఆ ఊరి వాళ్లు మెడకు ఒక బిళ్ల కట్టేవారు. బిళ్లల బరువుకు మెడ వంగిపోతుంటే పెద్ద తపాలా అధికారి దానికి ఒక కోటు కుట్టించాడు. 1895లో ఓడెక్కి ప్రపంచమే చుట్టింది...

విశాలాక్షి: ఆగండి, ఆగండి. అది రేపు రైల్లో చెప్పండి. కింది బెర్తుల వాళ్లు తెల్లారేదాకా ఎక్కడికీ పారిపోలేరు.