చుట్టరికం ముసుగులో చాకిరీ

జూలై వచ్చిందంటే, బాల కార్మికులను విడిపించే ఆపరేషన్ ముస్కాన్ వచ్చినట్టే. పోలీసులు, కార్మిక శాఖ సిబ్బంది కార్ఖానాల తలుపులు తడతారు. పిల్లల్ని బయటకు తెచ్చి, వరసగా నిలబెట్టి ఫొటోలు దిగుతారు. జనవరిలో ఇదే పనికి ఆపరేషన్ స్మైల్ అని పేరు. 2015 నుంచీ ఇదే తంతు. పిల్లలు ఏ బస్తీల్లో దొరుకుతారో హైదరాబాద్‌లో అందరికీ తెలుసు. మరి అక్కడే మళ్లీ మళ్లీ ఎందుకు దొరుకుతున్నారు?

దాడికి వెళ్లిన అధికారికి యజమాని చెప్పే మొదటి మాట వినండి: ‘మావాడే సార్, మా అన్న కొడుకు.’ ఆ ధీమా ఇచ్చింది బాల కార్మిక నిషేధ చట్టమే. పద్నాలుగేళ్లు నిండని పిల్లలతో పని చేయించరాదని 2016 సవరణలో గట్టిగా రాసి, బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయం చేయొచ్చని పక్కనే సడలించారు. కుటుంబమంటే అమ్మానాన్నలు, తోబుట్టువులే కాదు, బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని అందరూ అందులోకి వచ్చేశారు. ప్రమాదకర పనులకు ఈ మినహాయింపు లేదన్నది నిజమే. కానీ బిహార్ నుంచి రైలెక్కించి తెచ్చిన పిల్లాడు ఫలానా యజమానికి అన్న కొడుకు అవునో కాదో తేల్చేదెవరు? 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి వందల మంది పిల్లలు బయటపడ్డారు. ఆ ఉదంతం దేశమంతా చూసింది. మరుసటి ఏడాదే పార్లమెంటు ఈ చుట్టరికపు తలుపు తెరిచింది!

ఆ కార్ఖానా లోపల ఎలా ఉంటుంది? గాలి ఆడని గది. బొగ్గుల మీద లక్క కరుగుతుంటుంది. అది చల్లారేలోపు చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటిగా అద్దాలి. సన్నని వేళ్లయితే పని నీటుగా వస్తుందట. వేలి కొస కాలినా చెయ్యి ఆగకూడదు. ఈ గాజులకు 2024లో, హైదరాబాద్ సొంత సరుకన్న భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని నగరం పొంగిపోయింది. రాళ్లు అద్దిన చేతుల వయసెంతో ఎవరూ అడగలేదు.

పేదరికం ఉన్నంతకాలం ఇది తప్పదని, చేతివృత్తులు చిన్నప్పుడే అబ్బుతాయని కొందరంటారు. ఆ మాట అనేవాళ్ల పిల్లలు మాత్రం ట్యూషన్లకు వెళ్తుంటారు. పెద్దవాడికి ఇవ్వాల్సిన కూలీ ఎగ్గొట్టడానికే పిల్లాణ్ని పెట్టుకుంటారు. పేదరికం అక్కడే ముదురుతుంది.

2025 కల్లా బాల కార్మిక వ్యవస్థను రూపుమాపుతామని ప్రపంచ దేశాలు రాసుకున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ), యూనిసెఫ్ లెక్కల్లో 2024లో ఇంకా 13.8 కోట్ల మంది పిల్లలు పనిలోనే ఉన్నారు. అందులో 5.4 కోట్ల మందివి ప్రమాదకర పనులు. దూరదేశాల సంగతి అనుకుని పేజీ తిప్పేయకండి. మన అపార్ట్‌మెంట్లలో పాపాయిని ఎత్తుకు తిరిగే పన్నెండేళ్ల అమ్మాయి కూడా ‘ఊళ్లో చుట్టాల పిల్లే’. చుట్టమైతే బడికెందుకు పంపరు? డైనింగ్ టేబుల్ దగ్గర ఆమెకు కుర్చీ ఎందుకుండదు?

నేరం రుజువైతే యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ప్రతి పిల్లాడికీ యజమాని నుంచి 20 వేలు వసూలు చేసి పునరావాస నిధిలో వేయాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఎంతమంది పిల్లల్ని కాపాడామో ఏటా చాటే ప్రభుత్వం, ఎంతమంది యజమానులు జైలుకెళ్లారో, ఆ నిధిలో ఎంత జమయిందో కూడా అదే గొంతుతో చెప్పాలి. పనిలో దొరికిన ప్రతి పిల్లాడి విషయంలో చుట్టరికం రుజువు చేసుకునే భారం యజమాని మీదే పెట్టాలి. ఆ లెక్కలు చెప్పలేని అధికారులు ఫొటోలు పంపొద్దు.