కుక్కను తిప్పడానికి నెలకు మూడున్నర వేలా అని అడిగేవారికి

హైదరాబాద్‌లోని కొండాపూర్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలను వాకింగ్‌కు తీసుకెళ్లే పని మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న ప్రశ్న "రోజుకు అరగంట తిప్పినందుకు నెలకు మూడున్నర వేలా?" అన్నది. దాని తరువాతి స్థానం మా బంధువులు అడిగే "ఇంకో నలుగురిని పెట్టుకుని పెద్దది చేయరాదూ?" అన్నదానిది. రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది కనుక వివరంగా రాస్తున్నాను.

నేను అమ్ముతున్నది అరగంట కాదు, ఎండ ముదరకముందు వేళ. మార్చి చివరి నుంచి తొలకరి దాకా హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిది దాటాక కుక్కను తారు రోడ్డు మీద నడిపించడం నాకు ఇష్టం ఉండదు. చెయ్యి వెనకవైపు ఏడు సెకన్లు రోడ్డుకు ఆనించి ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క అరికాళ్లకూ పనికిరాదన్నది నేను పాటించే లెక్క. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడిని వదిలించుకోవాలి. చప్పిడి ముక్కు పగ్‌కు ఆ రొప్పడమే కష్టం. ఇక మంచుదేశపు హస్కీని, రెండు పొరల బొచ్చుతో సహా, పడమటి ఎండ కొట్టే పదో అంతస్తులో పెంచుతున్నవారిని ఏమనాలో నాకు తెలియదు, వారు నాకు క్రమం తప్పకుండా డబ్బులిస్తున్నా సరే.

అందువల్ల వేసవిలో నాకు దక్కేది ఉదయం 5 నుంచి 7.30 వరకు, సాయంత్రం రోడ్డు చల్లారిన తరువాత మరో రెండున్నర గంటలు. అరగంట నడకకు ముందూ వెనకా గేటు రిజిస్టరులో సంతకం, లిఫ్టు కోసం ఎదురుచూపు, పట్టీ తొడగడం, తిరిగి వచ్చాక పాదాలు తుడిచి వేళ్ల సందుల్లోనూ చెవుల్లోనూ పిడుదులున్నాయేమో చూడటం, పక్క అపార్ట్‌మెంటుకు బండి మీద వెళ్లడం కలిపితే ఒక్కో కుక్కకు ముప్పావు గంట పడుతుంది. పూటకు మూడు కుక్కలు. రెండు పూటలకు ఆరు, అంటే నెలకు 21,000 రూపాయలు. పెట్రోలు, లీష్‌లు (కుక్కను పట్టుకుని నడిపించే తాళ్లు), మలం ఎత్తే సంచుల ఖర్చు అందులోనే.

మూడింటినీ ఒకేసారి తీసుకెళ్లవచ్చు కదా అంటారు. రెండో నెలలో నేనూ అలాగే అనుకుని ఒక లాబ్రడార్‌ను, ఒక బీగిల్‌ను కలిపి తీసుకెళ్లాను. మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పడుకున్న నాలుగు వీధికుక్కలు తమ హద్దులోకి వచ్చామని ఒక్కసారిగా లేచాయి. రెండు లీష్‌లు నా కాళ్లకు చుట్టుకుని పడ్డాను, లాబ్రడార్ మెడపట్టీలోంచి తల జార్చుకుని పెద్ద రోడ్డు వైపు పరుగెత్తింది. టిఫిన్ బండి ఆయన ఇడ్లీ చూపించి ఆపకపోతే ఆ రోజే ఈ వ్యాపారం ముగిసేది. అప్పటి నుంచి ఒకసారికి ఒకే కుక్క, ఛాతీకి హార్నెస్, మెడకు పట్టీ, రెండింటికీ లీష్. కుక్కకు ఏటా వేయించే రేబిస్ టీకా కార్డు చూడనిదే ఒప్పుకోను. నేను కూడా ముందుజాగ్రత్తగా వేసుకునే రేబిస్ టీకా వేయించుకున్నాను, ఈ పనిలోకి దిగేవారు లీష్ కొనకముందే ఆ పని చేయాలి.

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్, జంతువు ఎవరి స్వాధీనంలో ఉన్నదో వారి అజాగ్రత్త గురించి మాట్లాడుతుంది: ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ అరగంటా అది నా చేతిలోనే ఉంది కదా! పెంపుడు జంతువులను లిఫ్టు ఎక్కనివ్వకుండా నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చినా, ఆ మాటను ప్రతి కొత్త సెక్యూరిటీ గార్డుకు మొదటి నుంచి చెప్పుకోవలసింది నేనే.

ఇక మనుషులను పెట్టుకునే విషయం. వారికీ తెల్లవారుజామున రెండున్నర గంటలు, సాయంత్రం రెండున్నర గంటలే పని. మధ్యలో వృథా అయ్యే పగటికి జీతం ఎవరిస్తారు? పైగా ఈ ఆరిళ్లలో నాలుగిళ్ల తాళంచెవులు నా దగ్గర ఉన్నాయి. అవి నన్ను చూసి ఇచ్చినవి, నేను రేపు కుదుర్చుకోబోయే కుర్రవాడిని చూసి కాదు. కుక్క సంగతి అంతకంటే కష్టం, కొత్త మనిషిని చూస్తే తలుపు దగ్గరే కూర్చుండిపోతుంది.

డిగ్రీ చదివి ఈ పనేమిటని మా పెదనాన్న ఇప్పటికీ బాధపడుతున్నారు. ఆయనకు నేను జవాబు చెప్పలేదు, ఆరింటికే వాకింగ్ ముగించి ఆయన కాఫీ తాగే వేళకు నేను మూడో ఇంటి గేటు దగ్గర ఉంటాను.

వచ్చే నెల నుంచి ఉదయం 5 గంటలకు ఒక్క ఖాళీ ఉంది. మూడున్నర వేలే. ఆ వేళకు లేచి తలుపు తీయగలిగినవారు మాత్రమే అడగండి, హస్కీ ఉన్నవారికి మొదటి అవకాశం.